పొదుపు మీద పొదుపు

పొదుపు మంచిదని వింటూనే మనమందరం పెరిగాం. కాని ఒక పొదుపు సాగుతూ ఉండగా దాని నెత్తిన ఇంకో పొదుపు తెచ్చిపెడితే, రెండూ కలిసి దండుగలోకి దిగవచ్చునన్న సంగతి నాకు మొన్నటి సంక్రాంతి దాకా తెలియదు. తెలియజెప్పినవాడు మా మేనల్లుడు. వాడు ఒక ఆఫీసులో కంప్యూటర్ల వ్యవహారం చూస్తుంటాడు. ఏ ఊరో, ఏ ఆఫీసో చెప్పడం భావ్యం కాదు; అట్లాంటి ఆఫీసులు ఊరికి పది ఉంటాయి.

పండుగపూట అరిసె చేత్తో పట్టుకుని కూర్చున్నవాడు, ఫోను మోగితే లేచి వసారాలోకి వెళ్లాడు. పావుగంట తరువాత మొహం వేలాడేసుకుని తిరిగి వచ్చాడు.

“ఏమిట్రా?” అన్నాను.

“డిస్కు నిండిపోయింది, మామయ్యా. ఎనిమిదేళ్ల కిందటి ఫైళ్లన్నీ తీసిపారెయ్యమంటున్నారు.”

“తీసెయ్యి. పాత కాగితాలు ఎవరికి కావాలి?”

“రిటైరయినవాళ్ల సర్వీసు లెక్కలు అందులోనే ఉన్నాయి. కాగితాలను చెదలు తినేసి చాలాకాలమయింది. రేపు ఎవరికైనా పెన్షను దగ్గర పేచీ వస్తే చూపించడానికి ఆ ఫైళ్లు తప్ప ఇంకేమీ లేవు.”

నేను పెన్షను తీసుకునేవాణ్ణి. అరిసె నాకూ గొంతు దిగలేదు.

తమాషా ఏమిటంటే, న్యాయానికి ఆ డిస్కు నిండకూడదు. జాగా ఆదా చేసే ఏర్పాటు ఒకటి మూడు నెలల కిందటే మావాడు స్వయంగా ఆ సర్వరులో పెట్టాడు. ఇక రెండేళ్ల దాకా కొత్త డిస్కు మాట ఎత్తనక్కరలేదని పైవాళ్లకు మాట కూడా ఇచ్చాడు. దానికి తోడు ఆ ఆఫీసులో అకౌంట్సు చూసే పెద్దాయన ఒకరు, ఎవరూ అడగకుండానే, ప్రతి రాత్రీ చిట్టా ఆవర్జాల నకలును జిప్పు చేసి, నాలుగోవంతుకు కుదించి మరీ సర్వరులో దాస్తున్నారు. ఇద్దరూ పొదుపరులే. డిస్కు మాత్రం నిండింది.

ఇది ఎట్లా జరిగిందో ఆ పూట వాడు చెప్పినదీ, ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పెళ్లి ఫోటోల దగ్గరనుంచి పిల్లల మార్కుల జాబితాల దాకా అన్నీ కంప్యూటరుకెక్కిన ఈ రోజుల్లో ఇది ఒక్క ఆఫీసుల గొడవే కాదు గదా.

అందరి బీరువా

ఫైలు సర్వరంటే ఆఫీసంతటికీ కలిపి ఉన్న ఒకే బీరువా అనుకోండి. ఎవరి బల్లమీద కంప్యూటరు వారికి ఉన్నా, దాచవలసినవి మాత్రం ఈ బీరువాలో దాస్తారు. పైనుంచి ఒక సర్క్యులరు వస్తే నలభైమంది నలభై అరల్లో దాని నకళ్లు పెట్టుకుంటారు. ఒకాయన పాత రిపోర్టు తీసి, పేరూ తేదీ మార్చి, కొత్త రిపోర్టని దాస్తాడు. వార్షికోత్సవం ఫోటోలు అందరి అరల్లోనూ ఉంటాయి. ఎవరూ మళ్లీ తెరిచి చూడరు.

డచ్ మేయర్, విలియం బొలోస్కీ అనే ఇద్దరు పరిశోధకులు మైక్రోసాఫ్టు కంపెనీలోని 857 కంప్యూటర్లను నాలుగు వారాలపాటు పరిశీలించి, 2011లో ఆ వివరాలు ప్రకటించారు. ముక్కముక్కా గాలించి నకళ్లను ఏరితే ఎంత జాగా కలిసివస్తుందో, అందులో ముప్పాతికవంతు, అచ్చుగుద్దినట్లు ఒకటే అయిన పూర్తి ఫైళ్లను ఏరడంతోనే కలిసివచ్చిందట. అంటే మనుషులు మార్పు కూడా చేయకుండా ఉన్నది ఉన్నట్లు దాచుకోవడం ఎంత ఎక్కువో చూడండి.

ఈ బీరువాలో జాగా మిగల్చడానికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి కుదింపు. కంప్రెషన్ అంటారు, జిప్పు చేయడమన్నది అదే. రెండవది నకళ్ల ఏరివేత. దీనిని డీడూప్లికేషన్ అనే నోరుతిరగని పేరుతో పిలుస్తారు.

సదరు ఆస్తి

ఇల్లో పొలమో కొన్నవారికి దస్తావేజు భాష పరిచయమే. మొదట ఒకసారి ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, తూర్పు హద్దు ఫలానావారి దొడ్డి అని పూర్తిగా రాస్తారు. ఆ తరువాత ఎక్కడ ఆ ఆస్తి మాట వచ్చినా “సదరు ఆస్తి” అని సరిపెడతారు. దస్తావేజు లేఖరులు ఎప్పటినుంచో చేస్తున్న ఈ పనినే 1977లో ఇజ్రాయెల్ దేశపు టెక్నియాన్ ఆచార్యులు జాకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ కంప్యూటరు చేత చేయించే మార్గం చెప్పారు. ఒక వరుస అక్షరాలు మళ్లీ వస్తే వాటిని తిరిగి రాయక, “ఇన్ని అక్షరాలు వెనక్కి వెళ్లి, అక్కడినుంచి ఇన్ని తీసుకో” అని రెండు అంకెలు రాస్తే చాలునన్నమాట. ఆ జంట ఆచార్యులిద్దరూ 2023లో కొద్దివారాల తేడాతో కన్నుమూశారు. మన ఫోనుల్లో, కంప్యూటర్లలో రోజూ ఎన్నిసార్లు వారి ఉపాయం పనిచేస్తున్నదో లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు.

దీనికి ఇంకొక మెట్టు కూడా ఉన్నది. 1951లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో రాబర్ట్ ఫానో అనే ఆచార్యుడు, పరీక్ష రాయడం ఇష్టం లేనివారు దాని బదులు ఒక వ్యాసం రాయవచ్చునని విద్యార్థులకు చెప్పాడు. డేవిడ్ హఫ్మన్ అనే కుర్రవాడు వ్యాసానికి దిగి, నెలల తరబడి దారి దొరక్క, కాగితాలు పారేసి పరీక్షకే కూర్చుందామనుకునే సమయంలో ఉపాయం తట్టింది. తరచుగా వచ్చే అక్షరానికి పొట్టి గుర్తు, అరుదుగా వచ్చేదానికి పొడుగు గుర్తు ఇవ్వాలి. అందుకు అన్నిటికన్నా మేలయిన పద్ధతి ఇదీ అని నిరూపించాడు. 1952లో అచ్చయిన ఆ పద్ధతినీ, జివ్ లెంపెల్‌ల “సదరు” పద్ధతినీ కలిపితే మన జిప్పు ఫైలు అవుతుంది.

తెలుగువారికి ఇందులో ఒక లాభం ఉన్నది. ఇంగ్లీషు అక్షరం ఒకటి కంప్యూటరులో ఒక్క బైటులో ఇమిడిపోతుంది. మన అక్షరాలకు, గుణింతపు గుర్తులకు వాడుకలో ఉన్న పద్ధతిలో ఒక్కొక్కదానికీ మూడేసి బైట్లు పడతాయి. “తెలుగు” అన్న మాటే తీసుకోండి: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, వెరసి 18 బైట్లు. అయితే ఆ మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ 224. రెండవది 176, కాకుంటే 177. ఇంటిపేరు, ఊరిపేరు అందరికీ ఒకటే అయి, అసలు పేరు మాత్రం వేరయినట్లన్నమాట. ఇంత పునరుక్తి ఉన్నచోట కుదింపు పండుగ చేసుకుంటుంది. తెలుగులో రాసి పెట్టుకున్న అక్షరాల ఫైలు అందుకే జిప్పులో చక్కగా ముడుచుకుపోతుంది. ఫోటోలు ముడుచుకోవు. అవి కెమెరాలోనుంచి వచ్చేటప్పటికే కుదించబడి వస్తాయి. పిండిన బట్టను మళ్లీ పిండితే నీళ్లెక్కడివి?

ముక్కలూ, వేలిముద్రలూ

ఇక రెండవ ఉపాయం. “సదరు” అన్న మాట ఒక దస్తావేజులోనే చెల్లుతుంది. జిప్పు పద్ధతిలో అయితే ఇంకా ఇరుకు: వెనక్కి 32,768 బైట్ల వరకే చూడగలదు. అంతకు ముందు ఏముందో దానికి గుర్తుండదు. రిజిస్ట్రారు ఆఫీసులోని దస్తావేజులన్నిటినీ కలిపి ఒకే దస్తావేజుగా చూచి, ఏ పేరా ఇంకెక్కడ ఉన్నా అక్కడ “సదరు” పెట్టగలిగితే? నకళ్ల ఏరివేత చేసే పని అదే.

సర్వరు ప్రతి ఫైలునూ ముక్కలు చేస్తుంది. ఒక్కొక్క ముక్కకూ ఒక లెక్క కట్టి ఒక పెద్ద సంఖ్య తీస్తుంది. దానిని ఆ ముక్క వేలిముద్ర అనుకోవచ్చు. ఆ వేలిముద్ర ఇదివరకు చిట్టాలో ఉన్నదా అని చూస్తుంది. ఉంటే ముక్కను దాచదు. “ఆ ముక్కే ఇది” అని ఒక గుర్తు రాసుకుంటుంది. లేకపోతే ముక్కను కొట్టులో వేసి, వేలిముద్ర చిట్టాకెక్కిస్తుంది. ఫైలు కావాలని అడిగినప్పుడు గుర్తుల ప్రకారం ముక్కలు ఏరుకొచ్చి, వరుసగా పేర్చి, ఏమీ ఎరగనట్లు చేతికిస్తుంది. అడిగినవాడికి ఈ తతంగమేమీ తెలియదు.

ముక్కలు ఎక్కడ కోయాలన్నది చిన్న విషయం కాదు. బట్టల కొట్టులో మీటరు కర్రతో కొలిచి కోసినట్లు సమానంగా కోస్తే, ఫైలు మొదట్లో ఎవరైనా ఒక్క అక్షరం చేర్చగానే తరువాతి ముక్కలన్నీ ఒక అక్షరం జరిగిపోతాయి. వెయ్యి ముక్కల్లో ఒక్కటీ పాత ముక్కతో సరిపోదు. దీనికి 2001లో అమెరికాలో కొందరు పరిశోధకులు చక్కని మార్గం చూపించారు. కర్రతో కొలవకు, అద్దకం చూచి కొయ్యి, అన్నారు. చీర మీద ఫలానా పువ్వు ఎక్కడ కనిపిస్తే అక్కడ కత్తెర. ముందు ఒక పువ్వు చేరినా తరువాతి పువ్వులు తమ చోట తాము ఉంటాయి గనుక, ఆ ఒక్క ముక్క తప్ప మిగతావన్నీ యథాప్రకారం తెగుతాయి. వారు 48 బైట్ల అద్దం ఒకదాన్ని ఫైలు వెంబడి జరుపుకుంటూ పోయి, అందులో కనిపించినదానికి లెక్క కట్టి, ఆ లెక్క ఒక ప్రత్యేక విలువకు వచ్చినచోట కోశారు. ఆ లెక్క కట్టే విధానం మైఖేల్ రేబిన్ అనే గణితజ్ఞుడు 1981లో ఇచ్చినది. సగటున 8 కిలోబైట్లకు ఒక కోత పడేది.

మైక్రోసాఫ్టువారు 2012 నాటి సర్వరుతో ఇటువంటి ఏరివేతను అందరికీ అందుబాటులోకి తెచ్చారు. అందులో ముక్క 32 నుంచి 128 కిలోబైట్ల దాకా ఉంటుంది. ఫైలు రాగానే కంగారుపడి కోయదు; కొన్నాళ్లు పాతబడనిచ్చి, తీరిక వేళల్లో కోస్తుంది. మామూలు ఆఫీసు ఫైళ్లలో సగానికి సగం జాగా కలిసివస్తుందనీ, ఒకే రకం యంత్రాల ప్రతిరూపాలు దాచే చోట 80 మొదలు 95 శాతం దాకా కూడా మిగులుతుందనీ వారి అంచనా. ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉన్నది. ఆ సర్వరు ముక్కలను ఏరిన తరువాత, మిగిలిన ముక్కలను ఒక్కొక్కటిగా కుదించి కొట్టులో వేస్తుంది. ముందు ఏరివేత. ఆ తరువాత కుదింపు.

పెద్దాయన చేసింది దీనికి తిరగేసి.

ఒక్క బిట్టు జరిగితే

చిట్టాలో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంత? రెండు మూడు వందల పద్దులు కొత్తవి. పాతవాటిలో అక్కడొకటి ఇక్కడొకటి దిద్దుబాటు. మిగతాదంతా నిన్నటిదే. ఏరివేతకు ఇంతకన్నా విందు భోజనం ఉండదు. కాని జిప్పు చేసిన తరువాత చూస్తే నిన్నటి ఫైలుకూ ఇవాళ్టి ఫైలుకూ పోలికే ఉండదు.

ఎందుకంటే, జిప్పు లోపల ప్రతి మాటా దాని ముందు మాటల మీద ఆధారపడి ఉంటుంది. మొదట్లో ఒక పద్దు మారితే, “ఇన్ని అక్షరాలు వెనక్కి” అన్న సంఖ్యలు మారతాయి. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క మారితే హఫ్మన్ ఇచ్చిన పొట్టి గుర్తులూ పొడుగు గుర్తులూ మారతాయి. అన్నిటినీ మించిన చిక్కు ఇంకొకటి. కంప్యూటరు బైటు అంటే ఎనిమిది బిట్లు. హఫ్మన్ గుర్తులకు ఆ ఎనిమిది లెక్క పట్టదు. ఒకటి మూడు బిట్లుంటే ఇంకోటి పదకొండు. బెంచీకి ఎనిమిదిమంది చొప్పున కూర్చున్న తరగతిలో మొదటి బెంచీ మీద ఒక కొత్త కుర్రవాణ్ణి దూర్చారనుకోండి. పిల్లలు వాళ్లే అయినా, అక్కడినుంచి కడపటి బెంచీ వరకు ఏ బెంచీ మీదా నిన్నటి ఎనిమిదిమంది ఉండరు. ఏరివేత పిల్లల మొహాలు చూడదు. బెంచీలనే చూస్తుంది. అద్దకం చూచి కోసే కత్తెర కూడా ఇక్కడ దారి తప్పుతుంది. అద్దకమే మారిపోయింది మరి.

మావాడు కాగితం మీద వేసి చూపించిన లెక్క ఇది. చిట్టా 40 గిగాబైట్లనుకుందాం. తొంభై రాత్రుల నకళ్లు దాచాలి. ఏ పొదుపూ లేకపోతే 3,600 గిగాబైట్లు. రోజూ జిప్పు చేసి దాస్తే ఒక్కొక్కటి 10 చొప్పున 900. జిప్పు చేయకుండా ఇచ్చి ఏరివేతకు వదిలితే మొదటి రాత్రి 40, ఆ తరువాత రోజుకు 1 గిగాబైటు కొత్త ముక్కలు వస్తాయనుకుంటే మొత్తం 129. ఆ ముక్కలనే నాలుగోవంతుకు కుదిస్తే సుమారు 32. ఇక జిప్పు చేసి ఏరివేతకిస్తే?

“తొమ్మిది వందలే, మామయ్యా. పైగా తొంభై ఫైళ్లనూ కోసి, వేలిముద్రలు తీసి, ఒక్కటీ సరిపోలేదని తెలుసుకోవడానికి సర్వరు రాత్రంతా పడే ప్రయాస అదనం.”

ముప్పైరెండెక్కడ, తొమ్మిది వందలెక్కడ! చేసిన పనులు రెండూ అవే. వరుస ఒక్కటే తారుమారు.

ముక్కలను విడివిడిగా కుదిస్తే, మొత్తం ఫైలును ఏకంగా కుదించినంత బాగా కుదరదేమోనన్న సందేహం నాకు కలిగింది. కొంత నష్టం ఉన్నమాట నిజమే. కాని జిప్పు ఎట్లాగూ 32 కిలోబైట్లకు మించి వెనక్కి చూడలేదు గనుక, అరవై కిలోబైట్ల ముక్కలో అది పోగొట్టుకునేది స్వల్పం.

అన్ని జిప్పులూ ఒకటి కావు

ఇంతవరకు చదివి, కుదించిన ఫైలంటేనే ఏరివేతకు శత్రువని అనుకోకండి. ఒకే ఫోటో నలభైమంది దగ్గర ఉంటే నలభై ఫైళ్లలోనూ అవే బైట్లు ఉంటాయి. ఏరివేత వాటిని సునాయాసంగా ఒకటి చేస్తుంది. అక్కడ కుదింపు ఏమీ చేయలేదు, ఏరివేత అంతా చేస్తుంది. ఏ రెండు పంక్తులూ పూర్తిగా ఒకటి కాని దినచర్య పట్టీల వంటివి ఉంటాయి. అక్కడ ఏరివేతకు చేయి ఆడదు, కుదింపు బాగా పనిచేస్తుంది. అసలు చిక్కు కుదించి, మార్చి, మళ్లీ కుదించిన వాటితోనే.

వాటిలోనూ తేడాలున్నాయి. జిప్పు ఫైలులో పది దస్తావేజులు కట్టి పెడితే అది ఒక్కొక్కదాన్ని విడిగా కుదిస్తుంది. ఒకటి మారినా మిగతా తొమ్మిదీ నిన్నటిలాగే ఉంటాయి. లినక్సు యంత్రాల మీద వాడే టార్-జీజిప్ అట్లా కాదు. పదింటినీ ఒకే దండగా గుచ్చి ఆ తరువాత కుదిస్తుంది. మూడవది మారితే అక్కడినుంచి దండంతా కొత్తదే. ఆఫీసుల్లో 2007 నుంచి వాడుతున్న వర్డు, పవర్‌పాయింటు ఫైళ్లు పైకి ఎట్లా కనిపించినా లోపల జిప్పులే. అందుకే బొమ్మలు నిండిన ఉపన్యాసాన్ని ఒకాయన పదిసార్లు దిద్ది పది పేర్లతో దాచినా, మారని పెద్ద బొమ్మలను ఏరివేత పట్టుకోగలదు; మాటలున్న భాగాన్ని మాత్రం పట్టుకోలేదు.

జడ్.ఎఫ్.ఎస్. అనే ఫైళ్ల వ్యవస్థ ఒకటి ఉన్నది. దానికి ఏరివేత 2009లో చేర్చారు. ఆశ్చర్యమేమిటంటే, అది ముందు కుదించి ఆ తరువాతే ఏరుతుంది. అయినా చెడదు. కారణం, అది ఫైలును ముందే సమానమైన దిమ్మెలుగా విడగొట్టి, ఏ దిమ్మెకు ఆ దిమ్మెను విడిగా కుదిస్తుంది. ఒకే దిమ్మెను ఒకే పద్ధతిలో కుదిస్తే ఎన్నిసార్లయినా ఒకే ఫలితం వస్తుంది గదా. కాకపోతే ఒక అరలో ఒక కుదింపు పద్ధతి, ఇంకో అరలో వేరే పద్ధతి పెట్టారో, ఒకే ఫైలు రెండు అరల్లో రెండు వేషాలు వేసుకుంటుంది. ఏరివేత వాటిని వేరువేరనే అనుకుంటుంది. అందుచేత తప్పు కుదింపుది కాదనుకోవాలి. ఏకధాటిగా, మొదటి అక్షరం జ్ఞాపకాన్ని చివరిదాకా మోసుకుపోతూ కుదించడంలో ఉన్నది. జీజిప్‌లో దీనికి మందు కూడా ఉన్నది: అప్పుడప్పుడు ఆగి, వెనకటి జ్ఞాపకమంతా వదిలేసి, కొత్తగా మొదలుపెట్టమని చెప్పవచ్చు. ఫైలు కొంచెం లావవుతుంది గాని, ఒకచోటి మార్పు ఆ చోటుతోనే ఆగుతుంది.

తాళం వేసిన ఫైళ్ల సంగతి మరీ విడ్డూరం. రహస్యలిపిలోకి మార్చి దాచిన ఫైలు, ఒకటే అయినా రెండుసార్లు దాస్తే రెండు రకాలుగా ఉంటుంది. పోలిక తెలియకుండా చేయడమే దాని ధర్మం. అక్కడ కుదింపూ లేదు, ఏరివేతా లేదు.

ఒకే ముక్క

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది జాగా లెక్క కాదు. నలభైమంది దాచుకున్న సర్క్యులరు ఇప్పుడు సర్వరులో ఒక్కటే ఉన్నది. ఆ ఒక్కదానిలో డిస్కు చెడి ఒక ముక్క పోతే? నలభైమందికీ ఒకేసారి పోయినట్లే. పూర్వం ఒకరి నకలు పోతే ఇంకొకరిని అడిగి తెచ్చుకునేవారు. నకళ్లను మనం వృథా అన్నాం గాని, వాటిలో కొన్ని మనకు తెలియకుండానే కాపలా కాస్తున్నాయి.

ఈ భయం రూపకర్తలకూ ఉన్నది. మైక్రోసాఫ్టు సర్వరులో ఒక ముక్కను నూరుసార్లకు పైగా వాడుకుంటూ ఉంటే, దానికి వేరుగా ఇంకొక నకలు తీసి దాస్తారు. నకళ్లను ఏరడానికి పెట్టిన యంత్రమే మళ్లీ నకలు తీయడం చూస్తే నవ్వు వస్తుంది. కాని తెలివయిన పనే.

వేలిముద్రల మాటకొస్తే, రెండు వేరువేరు ముక్కలకు ఒకే వేలిముద్ర పడితే ఏమవుతుంది? సర్వరు రెండవదానిని మొదటిదే అనుకుని పారేస్తుంది. ఇప్పుడు వాడే పద్ధతుల్లో వేలిముద్ర 78 అంకెల సంఖ్యదాకా పోవచ్చు గనుక, అది తనంతట తాను జరిగేది కాదు. కాని కావాలని చేయవచ్చు. 2017 ఫిబ్రవరిలో ఆంస్టర్‌డాంలోని గణిత పరిశోధన సంస్థవారు, గూగుల్‌వారు కలిసి, లోపలి విషయం వేరయినా షా-1 అనే పాత పద్ధతిలో వేలిముద్ర ఒకటే అయిన రెండు ఫైళ్లు తయారుచేసి లోకానికి చూపించారు. ఆ వెంటనే ఎవరో పరీక్ష కోసమని ఆ రెండింటినీ వెబ్‌కిట్ అనే ప్రోగ్రాము మూలప్రతులు దాచే కొట్టులో వేశారు. ఆ కొట్టు కూడా షా-1 వేలిముద్రలతోనే నకళ్లను ఏరేది. రెండవ ఫైలును మొదటిదే అనుకున్నది. ఆ తరువాత లెక్క కుదరక మొరాయించింది. అందుకే కొన్ని వ్యవస్థల్లో వేలిముద్ర కలిసినా నమ్మక, ముక్కనూ ముక్కనూ బైటు బైటుగా పోల్చి చూచుకునే ఏర్పాటు కూడా ఉంటుంది.

ఇంకో చిన్న మాట. ఏరివేత ఉన్న డిస్కులో నూరు గిగాబైట్ల ఫైళ్లు చెరిపినా ఆ క్షణాన జాగా పెరగదు. ఆ ముక్కలు ఇంకెవరైనా వాడుతున్నారా అని చూచి, ఎవరూ లేనివాటిని తరువాత ఎప్పుడో ఊడ్చేస్తుంది. ఎనిమిదేళ్ల కిందటి ఫైళ్లు కంగారుపడి చెరిపి ఉంటే, ఆ రాత్రి జాగాయైనా వచ్చేది కాదు. ఫైళ్లు మాత్రం పోయేవి.

ఆ తరువాత

పండుగ వెళ్లిన మర్నాడే మావాడు పెద్దాయన దగ్గరికి పోయాడు. ఆయన సర్వీసు మావాడి వయస్సంత. జిప్పు చేయడం మానమని ఎట్లా చెప్పడం?

“జాగా ఆదా చేస్తున్నవాణ్ణి పట్టుకుని మానమంటావేమోయ్?” అన్నారట ఆయన.

“మీరు చేసే పని మంచిదేనండీ. ముందు దాన్ని ఏరనివ్వండి. కుదించడం అదే చూసుకుంటుంది. పదిహేను రోజులు చూద్దాం. జాగా కలిసిరాకపోతే మళ్లీ మీ పద్ధతే.”

పదిహేను రోజులు అక్కరలేకపోయింది. నాలుగో రోజుకు తేడా తెలిసింది. పాత జిప్పులను ఒక్కొక్కటిగానే విప్పుకుంటూ వచ్చారు. అన్నీ ఒకేసారి విప్పితే ఏరేలోగా డిస్కు పొంగిపోతుంది గదా. నెలాఖరుకు బీరువా సగానికి పైగా ఖాళీ. సర్వీసు లెక్కల ఫైళ్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కథ అక్కడ ముగిసేదే. పెద్దాయన ఒక ప్రశ్న వేశారు. “సరే, ఒకే ముక్క అంటున్నావు. ఆ పెట్టె కాలిపోతే?”

మావాడు వేరే డిస్కు మీదికి నెలకొక నకలు తీసి, దాన్ని ఇంకో భవనంలో దాచాలని చెప్పాడు. తీయబోతే తెలిసింది, సర్వరు దాటి బయటికి రాగానే ముక్కలన్నీ మళ్లీ పూర్తి ఫైళ్లయి ఉబ్బుతాయని. ముప్పైరెండు గిగాబైట్లది కాస్తా విప్పితే మూడువేల ఆరువందలు. నెలకు ఒక్క రాత్రి నకలు చాలుననుకున్నా, ఆ చిన్న డిస్కులో ఏరివేత ఏర్పాటు లేదు. నలభై గిగాబైట్లు నలభైగానే కూర్చుంటాయి.

“అయితే దానికి జిప్పు చేయవచ్చునా?” అని అడిగారట పెద్దాయన.

“అక్కడ తప్పకుండా చెయ్యాలండీ.”

ఇప్పుడు ప్రతి నెలా ఆఖరి శనివారం సాయంత్రం ఆయనే స్వయంగా కూర్చుని ఆ నకలు జిప్పు చేసి, డిస్కు మీద తేదీ చీటీ అంటించి, అవతలి భవనంలోని ఇనప్పెట్టెలో పెట్టి తాళం చెవి జేబులో వేసుకుంటున్నారు.